సర్కారు కొలువుకు గడువు నేర్పిన మోక్షగుండం

బేస్తవారిపేట: ఏటా సెప్టెంబరు 15వ తేదీ రాగానే నీటిపారుదల, రహదారులు, విద్యుత్ శాఖల కార్యాలయాలలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య చిత్రపటానికి పూలమాల పడుతుంది. ఆనకట్టల గురించి, జలాశయాల గురించి నాలుగు ప్రసంగాలు, అల్పాహారంతో ఇంజినీర్ల దినోత్సవం ముగుస్తుంది. ఆయన ఏమేమి కట్టారన్నది అందరికీ తెలిసిన విషయమే. సర్కారు కొలువులో ఉన్న ఓవర్సీర్ల చేత, గుమస్తాల చేత, మేస్త్రీల చేత ఆ పనులను అనుకున్న గడువుకు ఆయన ఎలా చేయించగలిగారన్నది మాత్రం ఆ సభలలో ప్రస్తావనకు రావడం అరుదు. ప్రభుత్వ పని అంటే ఆలస్యమేనన్న మాట ఆనాడూ ఉంది. ఆ మాటతో ఆయన జీవితాంతం పోరాడారు. చాలాచోట్ల నెగ్గారు. ఒకచోట మాత్రం తన పదవినే వదులుకోవలసి వచ్చింది.

విశ్వేశ్వరయ్య ఇంటిపేరు బేస్తవారిపేట మండలంలోని మోక్షగుండం గ్రామం నుంచి వచ్చినదే. ఆయన పూర్వీకులు కొన్ని తరాల క్రితమే ఈ ప్రాంతాన్ని వదలి మైసూరు సీమకు తరలిపోయారు. ఊరు మారినా పేరు మారలేదు. బెంగళూరుకు ఉత్తరాన ఉన్న ముద్దెనహళ్లిలో 1861లో శ్రీనివాస శాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు ఆయన జన్మించారు. తండ్రి సంస్కృత పండితుడు. ఇంట్లో విద్య ఉన్నదే గాని ధనం లేదు. బాల్యంలోనే తండ్రి మరణించడంతో బెంగళూరులోని మేనమామ రామయ్య చేరదీశారు. సెంట్రల్ కళాశాలలో చదువుతూ, కలవారి పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులు వెళ్లదీసుకున్నారు. పట్టభద్రుడైన పిదప మైసూరు దివాను రంగాచార్యుల హయాంలో లభించిన ప్రభుత్వ విద్యార్థి వేతనంతో పుణె సైన్సు కళాశాలలో ఇంజినీరింగ్ చదివారు. 1883లో పరీక్షలో ప్రథముడిగా నిలిచి, మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరారు. ప్రభుత్వం చేయూతనిచ్చి చదివించిన విద్యార్థి అన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆయన జీవితంలోని అతి పెద్ద వివాదం దగ్గర ఇది మళ్లీ ఎదురవుతుంది.

పై అధికారి మందలింపు

ఉద్యోగిగా ఆయనకు ఎదురైన తొలి పరీక్ష ఖాందేశ్ జిల్లా ధూళే ప్రాంతంలో వచ్చింది. పాంజ్రా నది నీటిని గొట్టాల ద్వారా ఆవలికి దాటించే సైఫన్ నిర్మాణ బాధ్యతను కుర్ర ఇంజినీరుకు అప్పగించారు. పని మొదలయ్యేసరికి వానలు ముంచుకొచ్చాయి. వరదకు ఇసుక మేటలు వేస్తూ, చేసిన పని చేసినట్లే పూడిపోతున్నది. వర్షాలు తగ్గేదాకా పనిని వాయిదా వేయడం మేలని ఆయన పై అధికారికి లేఖ రాశారు. ఆ లేఖను పై అధికారి పని ఎగ్గొట్టే ప్రయత్నంగా భావించి ఘాటుగా మందలించారు.

ఇటువంటి మందలింపు అందుకున్న ఉద్యోగికి సాధారణంగా రెండు దారులు ఉంటాయి. మొక్కుబడిగా పని చేసి నెపం వాన మీదకు నెట్టడం ఒకటి. సెలవు పెట్టి తప్పుకోవడం రెండవది. విశ్వేశ్వరయ్య మూడవ దారి తొక్కారు. వానలోనే నది ఒడ్డున మకాం వేసి, కూలీల వెంట నిలబడి పని పూర్తి చేశారు. పూర్తయ్యాక అదే అధికారి తన మాటలను ఉపసంహరించుకుని ప్రశంసించారు. ఈ అనుభవం ఆయనను రెండు విధాలుగా మలచినట్లు తరువాతి జీవితం చెబుతున్నది. సాధ్యం కాదన్న మాటను ఆయన ఇక ఎన్నడూ తేలికగా ఒప్పుకోలేదు. అదే సమయంలో, క్షేత్రంలో ఉన్నవాడి కష్టం చూడకుండా కార్యాలయంలో కూర్చుని మందలించే అధికారిగానూ మారలేదు. ఏ పని మీద ఆదేశం ఇచ్చినా, ముందుగా ఆ పని జరిగే చోటుకు వెళ్లి చూసి రావడం ఆయనకు అలవాటుగా మారింది.

సింధు ప్రాంతంలోని సుక్కూరు పురపాలక సంఘానికి తాగునీటి పథకం నిర్మించడానికి 1890ల తొలి అర్ధంలో ఆయనను పంపారు. సింధు నది నీరు మురికి. వడపోత తొట్లు కట్టే స్తోమత పురపాలక సంఘానికి లేదు. నిధులు వచ్చేదాకా ఫైలును పక్కన పెట్టడం ఏ అధికారికైనా సులువు. ఆయన నదీ గర్భంలోనే బావి తవ్వించి, ఇసుక పొరల గుండా ఊరే నీటిని పట్టి ఊరికి అందించారు. ఇసుకే వడపోత తొట్టి అయింది. నది ఒడ్డు పల్లెలలో చెలమ తీసుకుని నీళ్లు తోడుకునేవారికి ఈ కిటుకు కొత్త కాదు. ప్రభుత్వ ఇంజినీరు దానిని పథకంగా మార్చడమే విశేషం.

కాలువ సిబ్బంది పెత్తనానికి కళ్లెం

పుణె ప్రాంతంలో నీటిపారుదల బాధ్యతలు చూస్తున్న కాలంలో ఆయన చేపట్టిన రెండు పనులను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దక్కను కాలువల కింద నీరు ఎవరికి ఎంత అందాలన్నది అంతకు ముందు చాలావరకు కాలువ సిబ్బంది విచక్షణకు వదిలివేసి ఉండేది. కాలువ మొదట ఉన్న రైతుకు నీరు పొర్లిపోయేది. చివర ఉన్నవాడికి నేల నెర్రెలు విచ్చేది. విచక్షణ ఉన్నచోట చేయి తడపడమూ ఉంటుందన్నది ఆయకట్టు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. విశ్వేశ్వరయ్య ఆయకట్టును బ్లాకులుగా విభజించి, చెరకు వంటి నీటి పంటలకు కొంత, ఆరుతడి పంటలకు కొంత కేటాయించి, వంతులవారీగా నీరు అందే పద్ధతిని రూపొందించారు. తొలుత రైతులు, పత్రికలు వ్యతిరేకించాయి. ఆయన రైతుల సమావేశాలకు స్వయంగా వెళ్లి వివరించారు. ఈ పద్ధతి వలన మేలు పొందినది రైతు ఒక్కడే కాదు. ఎవరి పొలానికి ఏ రోజు నీరు వదలాలో కాగితం మీద స్పష్టంగా ఉన్నందున, నిజాయతీగా పని చేయదలచిన కాలువ ఉద్యోగికి ఊళ్లోని పెద్దల ఒత్తిడి నుంచి రక్షణ లభించింది.

రెండవది ఖడక్‌వాస్లా జలాశయానికి అమర్చిన స్వయంచాలక తలుపులు. 1903 నాటికి ఇవి పూర్తయ్యాయి. నీరు నిర్ణీత మట్టానికి చేరగానే తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, మట్టం తగ్గగానే మూసుకుంటాయి. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే నిల్వ పెరిగింది. ఈ నమూనాకు ఆయన పేటెంటు పొందారు. ప్రభుత్వం తరఫున రాయల్టీ ప్రస్తావన రాగా, ఉద్యోగంలో ఉండగా రూపొందించినదానికి వేరుగా డబ్బు తీసుకోవడం తగదని నిరాకరించారు. సర్కారు కొవ్వొత్తి ఆర్పి సొంత కొవ్వొత్తి వెలిగించుకున్నారన్న కథ పాఠశాల పిల్లలందరికీ కంఠస్థమే. రాయల్టీ వదులుకున్న ఉదంతం అంతకంటే బరువైనది. ఎందుకో అది పాఠ్యపుస్తకాలకు అంతగా ఎక్కలేదు.

ఇంత సేవ చేసినా బొంబాయి ప్రభుత్వం ఆయనను నిలుపుకోలేకపోయింది. సీనియర్లను పలువురిని దాటి సూపరింటెండింగ్ ఇంజినీరు స్థాయికి వచ్చారు. ఆపైన ఉన్న చీఫ్ ఇంజినీరు కుర్చీ ఆ రోజులలో తెల్లవారికే అన్నట్లుగా ఉండేది. ఎదుగుదలకు గోడ అడ్డుగా ఉన్నదని గ్రహించి 1908లో స్వచ్ఛందంగా వైదొలిగారు. పూర్తి పింఛనుకు కావలసిన సర్వీసు కొద్దిలో నిండకపోయినా ప్రభుత్వం పింఛను మంజూరు చేసి గౌరవంగానే సాగనంపింది. గౌరవం దక్కింది గాని సంస్థ తన ఉత్తమ ఉద్యోగిని కోల్పోయింది. ఆయన జీవితంలోని ముప్పాతిక ఖ్యాతి ఆ తరువాతి కాలానిదే కావడం గమనించదగినది.

మూసీ ఒడ్డున లెక్కలు

పదవీ విరమణ అనంతరం ఐరోపా యాత్రలో ఉన్న ఆయనకు నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు అందింది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదును ముంచెత్తి వేలాది ప్రాణాలను బలిగొన్న సంగతి తెలుగువారు నేటికీ తలచుకుంటారు. 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరిన విశ్వేశ్వరయ్య, వరదకు కారణం వాన ఒక్కటే కాదని తేల్చారు. పరీవాహక ప్రాంతంలోని వందలాది చెరువులలో రెండు వందలకు పైగా గొలుసుకట్టుగా తెగిపోవడం వరద ఉద్ధృతిని పెంచింది. ఆయన తన సిబ్బందిని చెరువుల వెంట తిప్పి లెక్కలు రాయించారు. ఎక్కడెక్కడ ఎంత వాన పడిందో పొరుగు ప్రాంతాల నుంచి కూడా వివరాలు తెప్పించారు. ఆరు నెలలు తిరిగేసరికి నివేదిక సిద్ధమైంది. నగరానికి ఎగువన మూసీ మీద, ఈసీ మీద ఒక్కొక్క జలాశయం నిర్మించాలన్నది దాని సారాంశం. అవే తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌గా రూపుదాల్చాయి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి.

ఈ రెండు జలాశయాల నిర్మాణం ఆయన చేతుల మీదుగా జరగలేదు. నివేదిక ఇచ్చి ఆయన మైసూరుకు వెళ్లిపోయారు. కట్టినవారు హైదరాబాదు రాష్ట్ర ఇంజినీర్లు. తాను లేకపోయినా పని ముందుకు సాగేంత స్పష్టంగా లెక్కలు, కొలతలు, క్రమం రాసిపెట్టి వెళ్లడం ఆయన పద్ధతిలోని ముఖ్యాంశం. అధికారి బదిలీ కాగానే మూలనపడే పథకాలు ఎన్నింటినో చూసిన మన జిల్లాలవారికి ఈ తేడా ఇట్టే బోధపడుతుంది.

మైసూరులో పన్నెండు నెలల లెక్క

మైసూరు చీఫ్ ఇంజినీరు పదవి ఇస్తామని కబురు వచ్చినప్పుడు ఆయన వెంటనే తల ఊపలేదు. సాంకేతిక విద్య మీద, పరిశ్రమల మీద సంస్థానానికి నిజంగా శ్రద్ధ ఉన్నదా అని ముందుగా అడిగి, హామీ పొందిన పిమ్మటే 1909 నవంబరులో చేరారు. జీతం గురించి కాక చేయడానికి పని ఉంటుందా అని అడిగి కొలువులో చేరిన అధికారి అరుదు.

కావేరి మీద కన్నంబాడి వద్ద ఆనకట్ట నిర్మాణం 1911లో ఆరంభమైంది. అదే నేటి కృష్ణరాజసాగరం. ఖర్చుకు భయపడి ఆర్థిక శాఖ అడ్డు చెప్పింది. దిగువనున్న మద్రాసు ప్రభుత్వం నీటి వాటాపై అభ్యంతరం లేవనెత్తింది. ఆ వివాదం 1924 ఒప్పందం దాకా నడిచింది. ఇంతటి పేచీల నడుమ నిర్మాణ స్థలంలో వేలాది కూలీలు, వందలాది మేస్త్రీలు, ఓవర్సీర్లు పని చేయవలసి వచ్చింది. సిమెంటు విదేశాల నుంచి రావలసిన రోజులు. అందుకని సున్నం, ఇటుక పొడి కలిపిన సుర్ఖీతోనే గోడ లేపారు. మలేరియా కూలీలను పీడించింది. స్థలంలోనే వైద్య సౌకర్యం కల్పించవలసి వచ్చింది.

కోలారు బంగారు గనులకు శివసముద్రం నుంచి విద్యుత్తు అందేది. వేసవిలో కావేరి చిక్కిపోతే టర్బైన్లు మొరాయించేవి. అందువలన 1915 వానాకాలం నాటికి ఆనకట్టను కొంత ఎత్తుకు లేపి నీరు నిలపాలన్న గడువు పెట్టుకున్నారు. అది కాని పని అన్న భావన ఇంజినీర్లలోనే ఉన్నది. విశ్వేశ్వరయ్య అప్పటికి దివాను. సంస్థానమంతటి బాధ్యత తల మీద ఉన్నప్పటికీ నిర్మాణ స్థలానికి వెళ్లి, ఏ వారం ఎంత రాయి పడాలి, ఎంత సున్నం రావాలి, ఎంతమంది కూలీలు కావాలి అన్నది విడగొట్టి కాగితం మీద పెట్టించారు. కొండంత పని వారం వారం చేయదగిన ముక్కలుగా మారింది. గడువుకు నీరు నిలిచింది. అదే జలాశయం కింద మునిగిన కన్నంబాడి మొదలైన పల్లెల జనం ఇళ్లూ పొలాలూ వదలి వేరే చోట్లకు తరలవలసి వచ్చిన సంగతి కూడా ఈ విజయగాథలో భాగమే.

1912 చివరలో మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు ఆయనను దివానుగా నియమించారు. ఇంజినీరు దివాను కావడం అప్పటికి కొత్త. ఆయన సచివాలయాన్ని కూడా నిర్మాణ స్థలంగానే చూశారు. ఏ గుమస్తా ఏ పని చేయాలో, ఫైలు ఒక బల్ల మీద ఎన్నాళ్లు ఉండవచ్చో తెలిపే నియమావళులు తయారు చేయించారు. లెక్కల తనిఖీ అంటే డబ్బు తనిఖీ మాత్రమే అని ప్రభుత్వాలు భావించే కాలంలో, కార్యాలయాలు ఎంత చురుకుగా పని చేస్తున్నాయో చూసే సామర్థ్య తనిఖీ విధానాన్ని మైసూరులో ప్రవేశపెట్టారు. ఏడాదికి ఒకసారి నివేదిక రాసి చేతులు దులుపుకునే అలవాటున్న శాఖలు పన్నెండు నెలలూ లెక్క చెప్పవలసి వచ్చింది. కచ్చితమైన సమయపాలన, ముడత పడని దుస్తులు, జేబులో చిన్న పుస్తకం, అందులో రేపటి పని జాబితా. ఆయన ఎదుట వివరాలు తెలియకుండా నిలబడడానికి అధికారులు జంకేవారు.

అంటే భయం వల్లనే పని జరిగిందా? కొంత భయం ఉన్నదనడంలో సందేహం లేదు. సెలవులు, పండుగలు లెక్కచేయని ఆయన వేగం అందరికీ రుచించలేదు కూడా. కానీ భయమే అసలు కారణమైతే ఆయన కుర్చీ దిగిన మరునాడే అంతా పాత దారి పట్టేది. 1913లో స్థాపించిన మైసూరు బ్యాంకు, 1916లో ఏర్పడిన మైసూరు విశ్వవిద్యాలయం, అదే కాలంలో వచ్చిన గంధపు నూనె కర్మాగారం, 1915లో మొదలైన కన్నడ సాహిత్య పరిషత్తు ఆయన వెళ్లిపోయాక కూడా దశాబ్దాల తరబడి నిలిచాయి. ఆయన ఉద్యోగికి లక్ష్యం చెప్పి వదిలేయలేదు. దానిని చేరడానికి కావలసిన శిక్షణ, సామగ్రి, అధికారం కూడా ఇచ్చారు. యువకులను విదేశాలలో సాంకేతిక శిక్షణకు పంపడం అందులో భాగమే. ఆరేళ్లలో సంస్థానంలోని పాఠశాలల సంఖ్య రెట్టింపు దాటింది.

పదవి వదిలిన వేళ

1918లో మైసూరు ప్రభుత్వ ఉద్యోగాలలో అన్ని వర్గాలకూ తగిన స్థానం కల్పించాలన్న డిమాండు బలపడింది. ఉన్నతోద్యోగాలలో అత్యధికం బ్రాహ్మణుల చేతిలోనే ఉన్నాయని బ్రాహ్మణేతర నాయకులు మహారాజుకు విన్నవించారు. న్యాయమూర్తి లెస్లీ మిల్లర్ అధ్యక్షతన మహారాజు సంఘాన్ని నియమించారు. ఉద్యోగాలలో ప్రతిభకు మించిన కొలమానం ఉండరాదని, వాటా ప్రకారం నియమిస్తే పాలన సామర్థ్యం దెబ్బతింటుందని విశ్వేశ్వరయ్య వాదన. వెనుకబాటుకు మందు విద్యను విస్తరించడమేనని ఆయన నమ్మారు. మహారాజు ఒప్పుకోలేదు. 1918 డిసెంబరులో ఆయన దివాను పదవి నుంచి తప్పుకున్నారు. 1919లో వచ్చిన మిల్లర్ నివేదిక వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలలో వాటాను సిఫారసు చేసింది. అనంతరం మైసూరు ప్రభుత్వం దానిని అమలులోకి తెచ్చింది.

ఈ ఘట్టంలో మహారాజు చూసినంత దూరం దివాను చూడలేదనే చెప్పాలి. పరీక్షలో ముందు నిలిచినవాడే ప్రతిభావంతుడన్నది నిజమే కావచ్చు. ఆ పరీక్ష దాకా రావడానికి అక్షరం, అన్నం, మేనమామ ఇల్లు, ప్రభుత్వ వేతనం కావాలి. అవన్నీ తనకు ఎలా సమకూరాయో ఆయనకు తెలియనిది కాదు. పాఠశాలల సంఖ్య పెరిగితే ఒక తరం తరువాత అందరూ సమానంగా పోటీ పడగలరని ఆయన లెక్క. ఆ ఒక తరం ఎవరు వేచి ఉండాలన్నది ఆ లెక్కలో లేదు. వాటా వల్ల సామర్థ్యం దెబ్బతింటుందన్న ఆయన భయాన్ని కాలం రుజువు చేయలేదు. తరువాతి దశాబ్దాలలో కూడా మైసూరు సుపరిపాలనకు పేరెన్నికగన్న సంస్థానంగానే కొనసాగింది. అయితే పదవి కోసం తన అభిప్రాయాన్ని మడిచి జేబులో పెట్టుకోలేదన్నది ఆయనకు దక్కవలసిన గౌరవం.

భద్రావతి కొలిమి

ప్రభుత్వరంగ సంస్థను నడపడంలో ఆయన శైలి పూర్తిగా బయటపడినది భద్రావతిలో. ఆయన దివానుగా ఉన్నప్పుడే అక్కడ ఇనుము కర్మాగారానికి బీజం పడింది. బొగ్గు గనులు లేని ప్రాంతం కనుక అడవి కర్రను కాల్చిన బొగ్గుతో ఇనుము కరిగించాలన్నది పథకం. కర్రను కాల్చే క్రమంలో తారు, స్పిరిటు వంటి ఉప ఉత్పత్తులు కూడా లభిస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు ధరలు చూసి వేసిన అంచనాలవి. 1923 జనవరిలో కొలిమి వెలిగేనాటికి యుద్ధం ముగిసి ఏళ్లు గడిచాయి. ఇనుము ధర పడిపోయింది. నిర్మాణ వ్యయం అంచనా దాటిపోయింది. విదేశీ నిపుణుల జీతభత్యాలు తడిసి మోపెడయ్యాయి. ఇది తెల్ల ఏనుగు, మూసివేయడమే మేలన్న విమర్శలు సంస్థానంలో వినిపించాయి.

అప్పటికి పదవి లేక దూరంగా ఉన్న విశ్వేశ్వరయ్యనే మహారాజు మళ్లీ పిలిచారు. అయిదేళ్ల కిందట తనతో విభేదించి వెళ్లిన వ్యక్తిని పిలవడం మహారాజు పెద్దమనసు. ఆ పిలుపును మన్నించి రావడం ఈయన పెద్దమనసు. 1923లో నిర్వహణ మండలి అధ్యక్షుడిగా బాధ్యత స్వీకరించి 1929 వరకు కొనసాగారు. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది.

నష్టాలలో ఉన్న కర్మాగారానికి కొత్త అధ్యక్షుడు వస్తున్నాడంటే మొదట కూలీల మెడ మీద కత్తి వేలాడుతుందని అందరూ అనుకుంటారు. ఆయన పై నుంచి మొదలుపెట్టారు. ఖరీదైన విదేశీ నిపుణుల స్థానంలో క్రమంగా భారతీయ ఇంజినీర్లను, సంస్థానపు యువకులను నియమించారు. కొలిమి దగ్గర నిలబడే బాధ్యత స్థానికుల చేతికి వచ్చింది. విదేశీ నిపుణుడు వెళ్లిపోతే కొలిమి ఆరిపోతుందని జంకినవారు లేకపోలేదు. కొలిమి ఆరలేదు. సహాయకుడిగా నిలబడి చూసిన పనిని బాధ్యుడిగా చేయవలసి వచ్చేసరికి ఆ యువకులు దానిని నేర్చుకున్నారు. బొంబాయిలో చీఫ్ ఇంజినీరు కుర్చీ తనకు అందకుండా పోవడానికి అడ్డుగా నిలిచిన గోడను, తన చేతికి అధికారం రాగానే ఇక్కడ ఆయన కూలదోశారు.

ఖర్చుల లెక్క ప్రతి విభాగం నుంచి క్రమం తప్పక తెప్పించుకున్నారు. ఏ విభాగంలో ఎంత కర్ర బొగ్గు ఖర్చయి ఎంత ఇనుము దిగిందో విభాగాధిపతి తానే చెప్పవలసి ఉండేది. వృథా ఎక్కడ ఉన్నదో పని చేసేవారికే తెలిసివచ్చింది. దుక్క ఇనుము ఒక్కటే అమ్మితే ధర గిట్టదని, పోత ఇనుప గొట్టాల తయారీని చేపట్టారు. ఊళ్లకు తాగునీటి పథకాలు వస్తున్న కాలం కనుక గొట్టాలకు గిరాకీ ఉంటుందని ఊహించారు. సుక్కూరులో, హైదరాబాదులో తాగునీటి పథకాలు చూసి వచ్చిన ఇంజినీరు లెక్క అది. 1929లో ఆయన బాధ్యతల నుంచి వైదొలిగేనాటికి కర్మాగారం రోజువారీ నష్టాల నుంచి తేరుకున్నది. పెట్టుబడి మొత్తానికి వడ్డీ గిట్టేంత లాభాలు రాలేదన్న విమర్శ తరువాత కూడా వినిపించింది. అయినా మూతపడవలసిన కొలిమి నిలబడింది. 1930ల ద్వితీయార్ధంలో అక్కడే ఉక్కు, సిమెంటు విభాగాలు కూడా వచ్చాయి. కర్మాగారానికి కొన్ని దశాబ్దాల తరువాత విశ్వేశ్వరయ్య పేరే పెట్టారు. 1989లో అది భారత ఉక్కు ప్రాధికార సంస్థ పరిధిలోకి వచ్చింది.

భద్రావతిలో పని చేసిన కాలానికి రావలసిన పారితోషికాన్ని ఆయన సొంతానికి వాడుకోలేదు. వృత్తివిద్య నేర్పే సంస్థ స్థాపనకు ఇచ్చివేశారు. దానికి తన పేరు పెట్టవద్దన్నారు. యువరాజుగా ఉండి అనంతరం గద్దెనెక్కిన జయచామరాజేంద్ర పేరుతో 1943లో బెంగళూరులో ఆ సంస్థ ఆరంభమైంది. డిగ్రీలున్న ఇంజినీర్లకు కొరత లేకపోయినా, యంత్రం ముందు నిలబడి చేతితో పని చేయగలిగిన పనివారికి కొరత ఉన్నదని భద్రావతి ఆయనకు నేర్పిన పాఠం.

ఆ తరువాత మూడు దశాబ్దాలు ఆయన ఏ సర్కారుకూ ఉద్యోగి కారు. సలహాదారుగా మాత్రం పిలిచిన చోటికల్లా వెళ్లారు. టాటా ఉక్కు సంస్థ డైరెక్టర్ల మండలిలో సుదీర్ఘకాలం ఉన్నారు. దేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావాలంటూ 1934లోనే పుస్తకం రాశారు. తొంభై ఏళ్లు దాటిన వయసులో బీహారులో గంగ మీద వంతెన ఎక్కడ కట్టాలో తేల్చే సంఘానికి నాయకత్వం వహించారు. 1955లో భారతరత్న పురస్కారం లభించింది. 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు స్వగ్రామమైన ముద్దెనహళ్లిలో జరిగాయి. ఆయన సమాధి అక్కడే ఉన్నది.